ఖాసిమన్న సింఫనీ, నా చప్పట్లు

నిన్న పొద్దున టీ తాగుతాండా. ఈరన్న ఫోను.

"సీనప్పా, మన ఖాసిమన్న పోయినాడప్పా" అన్నాడు.

"యాడికి?" అన్నా.

నిజంగా అట్లే అడిగినా. నాకు చెప్పకుండా ఏ ఊరి ప్రోగ్రాం ఒప్పుకున్నాడో అని కోపం కూడా వచ్చింది.

ఈరన్న ఫోన్‌లోనే ఏడ్చినాడు. అప్పుడు అర్థమయింది.

హార్ట్ ఎటాక్ అంట. హాస్పిటల్ దాకా కూడా పోలేదంట.

తెలియనోళ్ళకు చెప్తాండా. ఖాసిమన్న మా ఆలూరు పెండ్లి బ్యాండులో క్లారినెట్ మాస్టర్. ఈరన్న డ్రమ్ము. నేను మైకు పట్టుకొని అరిచేటోణ్ణి. పదిహేడేండ్లు ఒకే వ్యాన్‌లో తిరిగినాం.

మా బ్యాండులో ఒక రూల్ ఉండాది. ఊరేగింపు మధ్యలో క్లారినెట్ టక్కున ఆగిందంటే రీడు, అదే ఊదే మూతి కాడుండే పల్చటి పుల్ల, పగిలినట్టు. పెండ్లోళ్ళకు తెలిస్తే పరువు పోతాది. కాబట్టి నేను వెంటనే చప్పట్లు కొట్టాల, జనంతో కొట్టించాల. ఆ గోలలో ఆయన్న కొత్త రీడు పెట్టుకుంటాడు.

ఎన్ని ఊర్లలో కాపాడినానో ఆయన్నని!

ఆరేండ్ల కింద ఒకరోజు వచ్చి "సీనా, నేనొక సింఫనీ రాసినా" అన్నాడు.

నవ్వినా. ఫోన్‌లో ఫారినోళ్ళ సింఫనీలు పెట్టుకొని వ్యాన్‌లో కండ్లు మూసుకునేటోడు, తెలుసు. కానీ రాసేది ఏందప్పా?

రాసినాడు. స్కూలు నోట్‌బుక్‌లో, సరిగమలు తెలుగులో. కడప చర్చి నించి ఇద్దరు వయొలిన్ వాళ్ళను పిలిపించినాడు. మిగతాది మన బ్యాండే. దాంట్లో పాట లేదు కాబట్టి ప్రాక్టీసుకు నేను పోలా. కల్యాణ మండపంలో ఆదివారం సాయంత్రం ప్రోగ్రాం.

"ఎన్ని పార్ట్‌లన్నా?" అంటే "నువ్వు ముందు వినప్పా, తర్వాత చెప్తా" అన్నాడు.

ఆ రోజు జనాల ముఖాలు సూడాల్సింది మీరు.

మటన్ షాపు మాబు "ఇంతమందిని కూచోబెట్టి ఒక్క డ్యాన్స్ పాట కూడా వెయ్యడా?" అని గొణుగుతాండాడు. రిటైరయిన సైన్స్ సార్ కండ్లు మూసుకొని తల ఊపుతాండాడు, నిద్రో ధ్యానమో తెలీదు. వెనక వరసలో పెద్దరెడ్డి ఒకాయన "పెండ్లిలో ఊదేటోనికి సింఫనీ యాలప్పా" అన్నాడు, అందరికీ వినపడేట్టు. ఖాసిమన్న భార్య మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకొని ఏడుస్తాండాది. యాలక్కా అంటే తెల్దన్నది.

మొదటి పార్ట్ అయింది. రెండోది అయింది. మూడోది శానా మెల్లగా పోతాండాది. ఎండాకాలం మధ్యాన్నం ఈదిలో ఎవరూ లేనట్టుంది. అట్ల పోయి పోయి...

టక్కున ఆగిపోయింది.

క్లారినెట్ ఆయన్న పెదాల మీదనే ఉండాది. సౌండ్ లేదు. ఎవరూ కదల్లా. వెనకాల ఎవరో నవ్వినారు.

రీడు పగిలింది! ఇంతమంది ముందర, ఈరోజే!

లేచి చప్పట్లు కొట్టినా. ఈల ఏసినా. మైకు పట్టుకొని "మన ఖాసిమన్నకు గట్టిగా!" అని అరిచినా. హాలంతా లేచి కొట్టింది. ఆ ఊపులోనే అందరూ బిర్యానీ దిక్కు పోయినారు.

ఆయన్న నా దిక్కు సూసినాడు. తర్వాత క్లారినెట్ దించి, జనానికి సలాం పెట్టినాడు.

ఈరన్న వాళ్ళమ్మ కోసిగి నించి వచ్చిండె. ఆ అవ్వ మాత్రం కుర్చీలో నించి లేవలా. "అయిపోలేదప్పా ఇది. ఆయప్ప ఇంగా దేనికో ఎదురు సూస్తాండాడు" అన్నది.

"పో అవ్వా, బిర్యానీ సల్లారిపోతాది" అని నవ్వినా.

ఆరేండ్లు గొప్పలు చెప్పుకున్నా. ఆరోజు నేను లేకపోతే ఖాసిమన్న పరువు పోయిండేదని. ఆయన్న ముందర కూడా చెప్పినా. అవునప్పా అని నవ్వేటోడు.

ఒకసారి యూట్యూబ్‌లో సూసి అడిగినా, "అన్నా, సింఫనీ అంటే నాలుగు పార్ట్‌లంట కదా, మనది మూడేనే?"

"మనది కరువు సీమ కదప్పా. మూడు పండినాయి, అదే ఎక్కువ" అన్నాడు.

శానా నవ్వినా ఆ జోక్‌కి.

నిన్న కబరస్థాన్‌కు పోయే దావలో ఈ కథే చెప్తా ఏడుస్తాండా. ఈరన్న నా చెయ్యి పట్టుకొని ఆపినాడు.

"సీనా, ఆరోజు రీడు పగల్లేదు."

"మరి?"

"ఆ మౌనం ఆయన్న రాసిందే. ముప్పై రెండు దెబ్బలు నేను మనసులో లెక్క పెట్టుకోవాల. ఆ తర్వాత నాలుగో పార్ట్. వాన. ఫస్ట్ నా వేళ్ళతో డ్రమ్ము మీద చినుకులు, ఆమీట ఆయన్న క్లారినెట్. నువ్వు ఇరవై కాడ కొట్టినావు."

"నాకెవరూ ఏమిటికి చెప్పలేదప్పా!"

"చెప్పొద్దన్నాడు. వాడు నా కోసమే కొట్టినాడు, వానికి తెలిస్తే తట్టుకోలేడు అన్నాడు. మళ్ళీ ప్రోగ్రాం పెడదామంటే కూడా ఒప్పుకోలా. నాలుగోది వింటే సీనుకు తెలిసిపోతాది అన్నాడు."

"నోట్‌బుక్‌లో ఉంటాది కదా?"

"నా చినుకులు ఉండాయి. క్లారినెట్ జాగాలో ఖాళీ పేజీ. అది ఆయన్న మనసులోనే పెట్టుకున్నాడు, ప్రాక్టీసులో కూడా వాయించలా."

అయిపాయె. ఆ వాన ఎవరం వినలా. ఇంగ వినేది కూడా లేదు.

ఆ అవ్వ ఒక్కదానికి తెలిసింది. పదిహేడేండ్లు పక్కనున్నోనికి తెలీలేదు. థూ నా బతుకు.

మూడు పిడికిళ్ళ మన్ను ఏసినాక అందరూ గమ్మున నిలబడినారు. ఒక్క సౌండ్ లేదు.

నేను లెక్క పెట్టినా. ఒకటి, రెండు, మూడు... చేతులు మళ్ళీ చప్పట్లు కొడతాయేమోనని రెండూ చంకల్లో పెట్టుకున్నా. పక్కన ఈరన్న పెదాలు కూడా కదుల్తాండాయి.

ముప్పై రెండు అయింది.

నిన్నటి నించి చెవుల్లో నా చప్పట్లే వినపడతాండాయి. ఆపుదామంటే ఆగవు.

ఖాసిమన్నా, యాడున్నా నాలుగోది వాయించుకో. ఈసారి నేను అడ్డం రాను. నీ మట్టి మీద మంచి వాన పడాల, నువ్వు సల్లగా పండుకోవాల.