గడప బయట పెట్టిన కత్తి

మా పెదనాయన పోయాడన్న కబురు నాకు పెనుకొండ స్టేషన్‌లో తెలిసింది. డ్యూటీ దిగి ధర్మవరం పోయే ప్యాసింజర్ కోసమే నిలబడి ఉన్నాను. సంచిలో ఆయన తెమ్మన్న రాగిపిండి, మెత్తటి తువ్వాలు, కత్తికి పదును పెట్టే చిన్న సానరాయి ఉన్నాయి. ఫోన్‌లో పెద్దమ్మ, "పాపా, నిదానంగా రా. ఇంగ పరిగెత్తుకోని వచ్చి చేసేదేమీ లేదు" అంది. రైలు ఆ రోజు సరిగ్గా టైముకు వచ్చింది. నాకు దాని మీద కోపం వచ్చింది.

ఆయన మా నాయనకు అన్న. ధర్మవరంలో గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. ఆయన నేసిన చీరలు ఏ షాపులో ఎవరు కొనుక్కుపోయారో ఆయనకే తెలియదు. వీధిలో ఆయనను గుర్తుపట్టింది చీరలను బట్టి కాదు, కత్తులను బట్టి. అలుగును పిడిలోకి మడిచి జేబులో వేసుకునే చిన్న కత్తులు. వాటిని చాకులంటే ఒప్పుకునేవాడు కాదు. "చాకు వంటింట్లో ఉంటాది. ఇది కత్తి" అనేవాడు. ముదిగుబ్బ సంతలో కొన్నవి, రైల్లో దువ్వెనలు అమ్మేవాడి దగ్గర తీసుకున్నవి, గొర్రెల కాపరికి కొత్త పంచె ఇచ్చి మార్చుకున్నవి. చేప ఆకారంలో ఇత్తడి పిడి ఉన్నదొకటి. ఎర్ర పిడిలో కత్తెర, స్క్రూడ్రైవర్, సీసా మూత తీసేది అన్నీ ఇమిడినదొకటి. ఈయన జన్మలో సీసా తెరిచి ఎరుగడు. అన్నీ కలిపి అరవైకి పైనే. పెద్ద బిస్కెట్ డబ్బాలో, పట్టు పీలికలు పరిచి, వాటి మీద పడుకోబెట్టేవాడు.

ఆదివారం మగ్గం దిగి గడపలో కూర్చుని వాటికి నూనె పెట్టేవాడు. పుల్లతో ఒకే ఒక చుక్క. నేను చిన్నప్పుడు ఇంకో చుక్క వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఒక సుక్క కత్తికి పాపా. రెండో సుక్క దుమ్ముకు." ఈ మాట ఆయన దగ్గర ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. లోపల నుంచి పెద్దమ్మ మాత్రం వదిలేది కాదు. "ఇంటి నిండా కత్తులే. వంకాయ తరిగేకి ఒక్కటియ్యడు మహానుభావుడు."

ఇక్కడ మా ఇళ్లలో పద్ధతి ఒకటి చెప్పాలి. కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వరు. ఇచ్చేవాడు కింద పెడతాడు, తీసుకునేవాడు వంగి ఎత్తుకుంటాడు. చేతికిస్తే ఆ ఇద్దరికీ చెడుతుందని నమ్మకం. చాలామంది గుర్తుంటే పాటిస్తారు, లేకుంటే లేదు. పెదనాయన గుడిలో దీపం పెట్టినంత శ్రద్ధగా పాటించేవాడు. పైగా దానికి తన నియమం ఒకటి కలిపాడు. కత్తిని తెరిచే కింద పెట్టాలి, పిడి తీసుకునేవాడి వైపు, మొన ఇచ్చేవాడి వైపు.

ఆయన ఒకే ఒక్కసారి తప్పాడు. అప్పుడు నాకు పదేళ్లు. రెండు కుటుంబాలు ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. నాయన మగ్గం గుంటలో కూర్చుని పూర్తయిన చీరను కోయడానికి కత్తి అడిగాడు. చీర తీసుకుపోయేవాడు వీధిలో ఆటో పెట్టుకుని హారన్ కొడుతున్నాడు. పెదనాయన జేబులోంచి ఎనుముకొమ్ము, అదే గేదె కొమ్ము, పిడి కత్తి తీసి, తెరిచి, తొందరలో నాయన చేతికే ఇచ్చేశాడు. పెద్దమ్మ "కింద పెట్టకూడదా!" అంది. అప్పటికే చీర తెగింది.

ఆ వారంలోనే అన్నదమ్ములు విడిపోయారు. నాయన మర మగ్గం పెడదామన్నాడు. పెదనాయన వద్దన్నాడు. మాట మీద మాట పెరిగింది. "నేను సచ్చినాక నా గుంట పూడ్చి దాని మీద పెట్టుకో" అన్నాడు పెదనాయన. "ఇంగ నీ గడప తొక్కితే ఒట్టు" అన్నాడు నాయన. మమ్మల్ని తీసుకుని హిందూపురం వచ్చేశాడు. పట్టుగూళ్ల నుంచి దారం తీసే చోట పనికి కుదిరాడు. మళ్లీ మగ్గం ఎక్కలేదు.

వాళ్లను విడదీసింది మర మగ్గమేనని నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు. కానీ పెదనాయన మర మగ్గం పేరు ఎత్తేవాడు కాదు. "ఆ పొద్దు ఒక్కసారి వంగింటే సరిపోయేది" అనేవాడు. పద్దెనిమిదేళ్లు అదే మాట.

నాకు పెనుకొండలో ఉద్యోగం రావడంతో ఇద్దరికీ మధ్యలో పడ్డాను. ఒక ఆదివారం ఇటు పోతే ఇంకో ఆదివారం అటు. ఒకరి గురించి ఒకరు ఎన్నడూ అడగలేదు. హిందూపురంలో నాయన "ఆడ వాన పడిందా?" అనేవాడు. ధర్మవరంలో పెదనాయన "ఆ పక్క వానలెట్ల ఉండాయి పాపా?" అనేవాడు. మా జిల్లాలో పడే వానకు అన్ని ప్రశ్నలు అక్కర్లేదు. నేను వాన సంగతి చెప్పి, ఆ తర్వాత అవతలివాళ్ల దగ్గు సంగతి, మోకాళ్ల సంగతి కలిపి చెప్పేదాన్ని. మధ్యలో ఆపకుండా వినేవాళ్లు.

ఈ ఏడు పెదనాయన దగ్గు మందులకు లొంగలేదు. ఊపిరితిత్తులకు ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపోండి అన్నారు డాక్టర్లు. వాకిలి కనబడేలా మంచం వేయించుకుని, డబ్బా తెప్పించుకుని, "వీటిని తగ్గించల్ల" అన్నాడు. వాళ్లకు పిల్లలు లేరు. తాను పోయాక అవి దిక్కులేనివి కాకూడదని ఆయన బాధ. నేను సెలవు పెట్టి వెళ్లాను.

తగ్గించడమంటే పంచేయడమనుకున్నాను. అంత సులువు కాదు. ఒక్కో కత్తినీ తెరిచి, స్ప్రింగు చూసి, అది ఎక్కడ దొరికిందో చెప్పి, దానితో ఎవరికి పనుందో ఆలోచించేవాడు. తమలపాకుల ఆమెకొకటి, టైలర్‌కొకటి, పూలు కట్టే ముసలమ్మకొకటి. కబురు పెడితే ఒక్కొక్కరే వచ్చారు. మంచం మీద నుంచి చెయ్యి చాచి, పిడి వాళ్ల వైపు తిప్పి నేల మీద పెట్టేవాడు. వాళ్లు వంగి తీసుకునేవాళ్లు. వంగడానికి ఆయాసం వస్తుంటే నేను పెడతానన్నాను. ఒప్పుకోలేదు.

బెంగళూరు నుంచి ఒకాయన వచ్చాడు. పాత కత్తులు సేకరిస్తాడట, డబ్బాతో సహా తీసుకుంటానన్నాడు. పెదనాయన మూత పెట్టేశాడు. "ఊరికే సూసుకునేటోనికి ఇయ్యను" అన్నాడు. ఆయన పోయాక నేనన్నాను, "నువ్వు ఇన్నేండ్లు చేసిందేంది మరి?" దగ్గుతూనే నవ్వాడు. "అందుకే సెప్తాండా" అన్నాడు.

చివరికి మూడు మిగిలాయి. మొదటిది మగ్గం దగ్గర పోగులు తెంచే ఇనుప పిడి కత్తి. దాన్ని నా ముందు పెట్టాడు. "ఆఫీసులో కవర్లు చేత్తో చింపుతావంట, అసయ్యంగా. దీంతో కొయ్యి." రెండోది వీధిలో పెళ్లికొడుకులకు ఇచ్చేది. మా వైపు పెళ్లికొడుకు చేతిలో కత్తి ఉండాలి, దాని మొనకు నిమ్మకాయ గుచ్చాలి. వీధిలో ఎన్ని పెళ్లిళ్లకు పోయివచ్చిందో ఆ కత్తి. దాన్ని పెద్దమ్మ ముందు పెట్టి, "అడిగినోళ్లకు లేదనొద్దు" అన్నాడు.

మూడోది ఎనుముకొమ్ము పిడిది. నన్నూ పెద్దమ్మనూ చెరోపక్క పట్టుకోమని గడప దాకా నడిచాడు. గడప బయట, బండ మీద, తానే వంగి పెట్టాడు. పిడి వీధి వైపు తిప్పాడు. మళ్లీ మంచం చేరడానికి చాలాసేపు పట్టింది.

"గడప తొక్కనన్నాడు కదా వాడు. తొక్కొద్దు. బయటే వంగి తీస్కుంటే సాలు."

నేను నాయనకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. అంతా విని "సూస్తాంలే" అని పెట్టేశాడు.

ఎనిమిది రోజులు ఆ కత్తి బండ మీదే ఉంది. వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ ముట్టుకోలేదు. పొద్దుగూకితే పెద్దమ్మ దాని మీద వెదురు గంప బోర్లించేది, తెల్లారి తీసేది. పెదనాయన మంచం మీద పక్కకు తిరిగి దాన్నే చూస్తూ ఉండేవాడు. నిద్రపట్టినప్పుడు తప్ప ఆ చూపు అక్కడి నుంచి కదల్లేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం గ్లూకోజ్ ఎక్కించడానికి కాంపౌండర్ వచ్చాడు. ఒక చేత్తో స్టాండు, ఒక చేత్తో పెట్టె, కిందికి చూడకుండా బండ ఎక్కబోతున్నాడు. నేను చటుక్కున కత్తి తీసి, మడిచి, లోపల డబ్బాలో పడేశాను. కాంపౌండర్ వెళ్లిపోయాక మళ్లీ పెడదామనుకున్నాను. ఆయన మందుల చీటీ నా చేతిలో పెట్టాడు, చెప్పులేసుకుని షాపుకు పోయాను. మరిచిపోయాను. ఇంతకన్నా చెప్పుకోవడానికి నాకు ఏ సాకూ లేదు.

వచ్చేసరికి పెద్దమ్మ పెరట్లో గంజి కాస్తోంది. పెదనాయన అప్పుడే కళ్లు తెరిచి వాకిలి వైపు చూస్తున్నాడు. బండ ఖాళీగా ఉంది.

"వచ్చిపోయినాడా?" అన్నాడు.

ఆ మొహం అలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. నోట్లోంచి "ఊఁ" అని వచ్చేసింది.

"ఏమన్నా అన్యాడా?"

"నిద్ర లేపొద్దన్యాడు."

"వంగి తీస్కున్యాడా?"

"వంగే తీస్కున్యాడు పెదనాయనా."

కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు గంజి మొత్తం తాగాడు. నేను ఎవరూ చూడకుండా కత్తిని డబ్బాలోంచి తీసి నా హ్యాండ్‌బ్యాగులో దాచాను. వచ్చే ఆదివారం హిందూపురం పోయి నాయన ముందు పెడితే నా అబద్ధం నిజమైపోతుందనుకున్నాను. మర్నాడు పెనుకొండలో డ్యూటీలో చేరాను. ఆదివారం దాకా ఆయన ఆగలేదు.

పోయిన రోజు నాయన వచ్చాడు. గడప తొక్కాడు. తొక్కానన్న ధ్యాస కూడా ఆయనకు ఉన్నట్టు లేదు. తలకొరివి ఆయనే పెట్టాడు. అన్నీ అయ్యాక సాయంత్రం ఆ బండ మీదే కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పాడు.

"ఆ పొద్దు వచ్చినా పాపా నేను. మధ్యాన్నం రైలుకు. సందు మొగదాల నిలబడి సూసినా. గడప ముందర ఏమీ లేదు. మనసు మార్సుకున్యాడేమో, తీసేసినాడేమో అనుకుంటి. అట్లే తిరుక్కోని పోతి."

ఏ రోజు అని అడగాల్సిన పని లేకపోయింది. నా బ్యాగు నా ఒళ్లోనే ఉంది. నేను నోరు తెరవలేదు. పదకొండు రోజులు తెరవలేదు. అన్న తనను కాదనుకుని పోయాడని నమ్ముతూ, నాయన రోజూ దీపం ముందు కూర్చుంటే చూస్తూ ఉన్నాను. చదివే మీరు నన్నేమనుకున్నా సరే. ఈ నాలుగు మాటలు రాయడంలో నా పిరికితనాన్ని దాచి పెదనాయనను మాత్రం తలచుకోవడం నాకు చేతకాలేదు.

కర్మ అయ్యాక హిందూపురం వెళ్లాను. నాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కత్తి తీసి, తెరిచి, పిడి ఆయన వైపు తిప్పి, ఆయన ముందు నేల మీద పెట్టాను. గంప సంగతి, కాంపౌండర్ సంగతి, నా అబద్ధం సంగతి, గంజి సంగతి అన్నీ చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"అయితే నేను తీస్కున్యాననే అనుకున్యాడా?" అన్నాడు.

"ఊఁ."

"గంజి తాగినాడా?"

"మొత్తం తాగినాడు."

నాయన మొహం మోకాళ్ల మధ్య పెట్టుకుని ఏడ్చాడు. అమ్మ వచ్చి కత్తి తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. తాను మాత్రం ఎత్తుకోలేదు. "పెట్టినోడు లేడు. యాడ చెయ్యి వస్తాది పాపా తీసేకి?" అన్నాడు.

అది అక్కడే ఉండిపోయింది. అమ్మ దాని చుట్టూ కసువు ఊడ్చుకుంటోంది.

పోయిన ఆదివారం మళ్లీ వెళ్లాను. నాయన నిద్రపోతున్నాడు. కత్తి ఉన్నచోటే ఉందనుకున్నాను. వంగి చూస్తే అలుగు మీద నూనె మెరుస్తోంది. ఒక్క చుక్క నూనె, అంతకు మించి లేదు. నేను పెట్టినప్పుడు దాని పిడి నాయన వైపు ఉండేది. ఇప్పుడు మొన ఆయన వైపు, పిడి వీధి తలుపు వైపు తిరిగి ఉంది.