దేవకృప కాపలా

తిరుమలగిరిలో దేవకృప టీచరంటే పిల్లలకు హడల్. పరీక్ష హాల్లో ఎవరి చూపు పక్కకు జరిగినా ఆవిడ కంటికి చిక్కాల్సిందే. అలాంటి మనిషికి, భర్త ఆర్థర్‌ను ఇంటికి పంపుతూ డాక్టరు గట్టిగా చెప్పాడు. మూలకణాల మార్పిడి జరిగింది, కొత్త రక్తం ఇంకా కుదురుకోలేదు, కంటికి కనిపించని క్రిమి చాలు ప్రాణం మీదికి తేవడానికి అని. ఇంకేముంది! లోకమంతా కాపీ కొడుతున్నట్టే కనిపించసాగింది ఆవిడకు.

పాలుపోసే సదాశివ ఒకనాడు గేటు దగ్గర తుమ్మాడు. ఆ రోజు పాలన్నీ తూములో పోసేసింది.

"ఏందమ్మా, దుమ్ముకు తుమ్మిన. గింత దానికే గిట్ల చేస్తరా?" అని అతను పరేషాన్ అయ్యాడు.

మోండా మార్కెట్ కూరగాయలు ఎన్నిసార్లు కడిగినా ఆవిడకు తృప్తి లేదు. ఆర్థర్ తల మీద చేతులుంచి ప్రార్థిద్దామని చర్చి సంఘంలోని ఆడవాళ్ళు వస్తే, "దేవుడికి గేటు దగ్గర్నుంచి కూడా వినపడుతుంది" అంది. వాళ్ళు నొచ్చుకున్నారు. నొచ్చుకోనీ అనుకుంది.

అందరికన్నా ఎక్కువ అనుమానం ఆడపడుచు మేబెల్ మీద. మూలకణాలిచ్చి తమ్ముణ్ణి బతికించింది ఆ మేబెలే. అయితే ఏం? రోజూ రైల్లో జనాన్ని రాసుకుంటూ వస్తుంది. పైగా తమ్ముడికి చాటుగా ఏదో ఒకటి తినిపించడం చిన్నప్పటి నుంచీ అలవాటు.

"నేనేమన్నా దొంగనా కృపా?"

"దొంగని నేనన్లేదు వదినా. ముందు ఆ సంచి తెరవండి."

ఇంత కాపలా కాసినా ఒక ఆదివారం ఆర్థర్‌కు జ్వరం వచ్చింది. వెంటే పొడి దగ్గు. ఆసుపత్రి వరండాలో, నలుగురి ముందూ, దేవకృప ఆడపడుచు మీద విరుచుకుపడింది.

"ఏం పెట్టారు ఆయనకి? నిజం చెప్పండి!"

"ఒక్క మెతుకు పెట్టలేదు. నన్ను దగ్గరికి రానిస్తే కదా నువ్వు!" అంది మేబెల్. దేవకృప నమ్మలేదు.

అంతలో స్కానింగ్ చూసి డాక్టరు వచ్చాడు. "ఊపిరితిత్తుల్లో బూజు చేరినట్టుందమ్మా. ఇది తిండి వల్ల వచ్చినట్టు లేదు, గాలితో పీల్చి ఉంటారు. గదిలో చెమ్మ ఉందా? తడిసి ఎండిన పాత సామాను ఏమైనా?"

"ఏమీ లేవండీ. న్యూస్ పేపరు కూడా రానివ్వను" అంటూనే ఆగిపోయింది.

రోగి తలగడ కింద బైబిలు పెట్టడం వాళ్ళింటి ఆనవాయితీ. అత్తగారి బైబిలు అది. ఎప్పుడో బందరు తుఫానులో నీళ్ళలో నాని, ఎండి, అట్టలు ఉబ్బిపోయి ఉంది. ఆర్థర్ ఇంటికొచ్చిన రోజే దేవకృప దాన్ని ట్రంకుపెట్టెలోంచి తీసి, పైనున్న బూజును పైట చెంగుతో తుడిచి, ఆయన తల కింద పెట్టింది. సాయంత్రాలు ఆయన ముఖం దగ్గరే తెరిచి కీర్తనలు చదివేది. చెంచాలనూ గ్లాసులనూ కన్నతల్లి లాంటి మనుషులనూ అనుమానించింది గానీ, దాన్ని అనుమానించాలని ఎలా తడుతుంది? తట్టలేదు.

దాచకుండా డాక్టరుకు చెప్పేసింది.

"చెప్పారు, మంచిదైంది. మందు ఇప్పుడే మొదలుపెడతాం. తొందరగానే పట్టుకున్నామనుకుంటా. కానీ మాటివ్వలేను" అని ఆయన లోపలికి వెళ్ళాడు.

మేబెల్ అంతా విన్నది. నాలుగు తిడితే బాగుండుననిపించింది దేవకృపకు.

నర్సు తలుపు తీసింది. "ఒక్కరే లోపలికి రావాలె. చేతులు మంచిగ కడుక్కోండ్రి."

దేవకృప సబ్బు రుద్దుకుంది. కడుక్కుంది. మళ్ళీ రుద్దుకుంది.

"చాలమ్మా, రాండ్రి."

ఆవిడ కదల్లేదు. నీళ్ళు కారుతున్న చేతులను చీరకు తుడుచుకోబోయి, చెంగు చూసి, ఆగిపోయింది.

"వదినా, మీరు వెళ్ళండి."

"నేనా?"

"మీరే. నన్ను మాత్రం ఆయన దగ్గరికి రానివ్వకండి."