గురుగ్రహం మీద మా గ్యాస్

మా టీచరమ్మ పోయిన మంగళవారం దవాఖానల చనిపోయింది. గల్లీ మొదట్ల "ప్రభువునందు నిద్రించారు" అని ఫ్లెక్సీ కట్టిన్రు. నిద్ర ఎక్కడిది? పగలు జర నడుం వాల్చమన్నా కొట్టొచ్చే మనిషామె.

జహీరాబాద్ హైవే పక్కన మా వెల్డింగ్ షాపు. ఎనక గల్లీల ఆమె ఇల్లు. సైన్స్ టీచర్‌గ రిటైరైంది. నేను ఎనిమిదిల బడి ఇడిసి, తర్వాత ఫోన్ల చూసి చదువు నేర్చుకున్నోణ్ణి. ఒకసారి ఆమె ఇరిగిన గేటు తెచ్చి, నా మంట చూసి అడిగింది.

"ఈ గ్యాస్ ఇంకెక్కడుంటదో ఎరికేనారా?"

"సంగారెడ్డిల, డీలర్ దగ్గర."

"గురుగ్రహం మీద!"

గేటు మర్చిపోయి స్టూలు మీద కూసుంది. ఆ గ్రహం గాలిల మీథేన్ ఉంటదట. పైపొరల ఎండ దాన్ని ఇరగ్గొడతది. ఆ ముక్కలు కలిసి ఈథేన్ అయితది, మేం వెల్డింగ్‌ల మండించే అసిటిలీన్ అయితది.

"ఉత్తదే టీచరమ్మా! అసిటిలీన్ ఉంటే ఒక్క మెరుపుకే పేలిపోదా?"

"మండాలంటే ఏం కావాలె?"

"ఆక్సిజన్."

"అక్కడ నీ ఆక్సిజన్ సిలిండర్ ఎవడు పెట్టిండు?"

దినాం ఆ సిలిండర్ తిప్పే చెయ్యి నాది. అయినా తట్టలే. ఎంటనే కోపమొచ్చింది. బడిల నన్ను మొద్దని ఎనక బెంచిల పడేసిన్రు. ఒక్కడన్న గిట్ల అడిగిండా? అదే ఆమె ముంగట కక్కిన.

"కోపం మంచిదేరా, ఎండ లెక్క," అన్నది. "ఇరగ్గొట్టి ఊకోకు. కలుపు."

అప్పటిసంది సాయంత్రమైతే అల్లం దంచిన చాయ్ ఫ్లాస్కుల తెచ్చేది. చక్కెర ఎయ్యడం మర్చిపోయేది. అణువుల బొమ్మలు షాపు గోడ మీద సుద్దతోని గీసేది. దవాఖానల నా చెయ్యి పట్టుకున్నది. "నేను పోయినంక పెట్టే కూడికల నా మంచితనం చెప్పకు. మీథేన్ సంగతి చెప్పు. మాటియ్యి." ఇచ్చిన.

నిన్న ఆమె ఆదరణ కూడిక. నేను లేస్తుంటే ఆమె తమ్ముని కొడుకు చొక్కా గుంజిండు.

"తమ్మీ, పాస్టర్‌గారున్నరు. రెండు మంచి మాటలు చెప్పి దిగు. గ్రహాలు గిట్ల ఒద్దు."

"మాటిచ్చిన అన్నా," అని మైకు అందుకున్న.

గురుగ్రహం సంగతే చెప్పిన. ఎండకు మీథేన్ ఇరుగుతది, కొత్త అణువులైతది, పొగమంచు లెక్క మెల్లగ కిందికి దిగుతది. లోపల వేడికి హైడ్రోజన్ అతుక్కొని మళ్ల మీథేనే అయితది, మళ్ల పైకి లేస్తది. "ఆ గాలిల ఇరిగిందేదీ ఉత్తగ పోదు," అన్న.

ఇగ దిగుదామనుకున్న. అప్పుడు షామియానా కింద ముందు వరుసల తెల్లచీరల ముసలమ్మలు చేతులు పైకి లేపి, హైవే మీది లారీల మోత మునిగిపోయేటట్టు, మీథేన్‌కు "ఆమెన్!" కొట్టిన్రు.