అన్నయ్య గొంతు ఎవరిది?

గుంటూరులో నాకు ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపు ఉంది. పుట్టినరోజుకు తెచ్చిన ఫొటోనే పెద్దకర్మకూ తెచ్చి, "కాస్త నవ్వు తగ్గించండి మేడం" అనేవాళ్లతో రోజంతా గడిచిపోతుంది. అలాంటి ఒక మధ్యాహ్నం, ఎవరిదో షష్టిపూర్తి శాలువాకు రంగు వేస్తుంటే బెంగుళూరు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. తెలుగమ్మాయే. 'మిరప బస్తాలో పోయిన గొలుసు' అనే ఆటకు బొమ్మలు వేసింది మీరేనా అని అడిగింది.

ఆ ఆట పేరు బయటివాళ్ల నోట విని చాలా ఏళ్లయింది. అవునంటే ఏమంటుందో, కాదంటే ఫోన్ పెట్టేస్తుందో అని భయం వేసింది.

అది కంప్యూటర్లో ఆడే సాహసాల ఆట. తుపాకులూ పరుగులూ ఉండవు. బొమ్మలో అక్కడా ఇక్కడా నొక్కి వస్తువులు ఏరుకోవాలి, మనుషుల్ని మాటల్లో పెట్టి కూపీ లాగాలి. ఒక రైతు భార్య తన గొలుసును మిరపకాయల బస్తాలో దాచుకుంటుంది. అది తెలియక భర్త ఆ బస్తాను యార్డుకు తోలేస్తాడు. ఆవిడ గొలుసు కోసం బయలుదేరుతుంది. మొదటి భాగమంతా మిర్చి యార్డులోనూ కోల్డ్ స్టోరేజీలోనూ నడుస్తుంది. రెండో భాగంలో ఒక లారీ వెంట చీమకుర్తి క్వారీల దాకా వెళ్తుంది. మూడో భాగంలో గొలుసు దొరకాలి. ఆ మూడో భాగం తయారవలేదు.

ఆట ఆలోచన మా అన్నయ్యది. ప్రోగ్రాం రాసింది వేటపాలెం నుంచి వచ్చి వాడితో చదువుకున్న స్నేహితుడు. బొమ్మలు నావి. నల్లపాడు స్టేషను పక్కన అద్దెకున్న ఇంట్లో, ఒక్క కంప్యూటరు ముందు ముగ్గురం వంతులేసుకుని కూర్చునేవాళ్లం. రైలు వెళ్తే బల్ల అదిరి నా గీత వంకర పోయేది. "వంకరగానే ఉంచవే, యార్డులో తిన్నటి గోడ ఎక్కడుంది?" అనేవాడు అన్నయ్య.

ఆటలో మగ గొంతులన్నీ వాడివే. రైతు, లారీ డ్రైవరు, కోల్డ్ స్టోరేజీ వాచ్‌మన్, అందరూ వాడే. అన్నిటికంటే జనానికి నచ్చింది హమాలీ మేస్త్రి. తప్పు చోట నొక్కితే చాలు, "ఏందమ్మా అక్కడ తడుముతున్నావ్, కళ్లేమన్నా బస్తాలో పెట్టి కుట్టేశావా?" అని ఎత్తుకునేవాడు. ఆ గొంతులు రికార్డు చేయడానికి వాడూ స్నేహితుడూ మొదట మిరపకాయల గోడౌనుకు వెళ్లారు. నాలుగు మాటలకోసారి తుమ్మేసరికి లాభం లేదని పత్తి మిల్లుకు మారారు. పత్తి బేళ్ల మధ్య నిలబడితే చప్పుడు ప్రతిధ్వనించదని వాడే కనిపెట్టాడు. ఒళ్లంతా దూదితో ఇంటికి వస్తే అమ్మ గుమ్మం బయటే నిలబెట్టి దులిపేది.

రెండు భాగాలూ సీడీలుగా వచ్చాయి. కొన్నవాళ్లు కొన్నారు, చాలావరకు మిగిలిపోయాయి. మిగిలిన వాటిని మా మేనమామ దారాలకు గుచ్చి, పిట్టల్ని బెదరగొట్టడానికి జొన్నచేలో కట్టాడు. నేను ఏడ్చినంత పని చేశాను. అన్నయ్య మాత్రం గట్టుమీద నిలబడి పడీపడీ నవ్వాడు. "పోన్లేవే, పిట్టలన్నా చూస్తున్నాయి మన ఆట" అన్నాడు.

వాడికి పెళ్లయింది, కూతురు పుట్టింది. పాప ఇంకా పాకుతుండగానే, గ్రానైటు యూనిట్లో కంప్యూటరు బాగుచేయడానికని బండి మీద వెళ్లి, చీమకుర్తి రోడ్డులో లారీ కింద పడ్డాడు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

వదినది ప్రకాశం వైపు పల్లె. పాపను తీసుకుని పుట్టింటి ఊరు వెళ్లి, అక్కడే బడిలో టీచరుగా చేరింది. పిల్ల పెరిగి పెద్దదైంది, ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. వాళ్ల నాన్న ఫొటోలు బోలెడు చూసింది. గొంతు మాత్రం ఎన్నడూ వినలేదు. మీరు నమ్మరేమో గానీ, వాడి గొంతు మా దగ్గర ఎక్కడా లేదు. ఇప్పట్లా చేతిలో ఫోన్లున్న రోజులు కావు. పెళ్లి వీడియోలో అన్నయ్య నోరు కదులుతూనే ఉంటుంది. వీడియో తీసినవాడు మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు అతికించి చచ్చాడు. ఇంట్లో దాచుకున్న ఆట సీడీలు గుంటూరు ఎండలకు పాడైపోయాయి. మెరిసే పూత పొరలు పొరలుగా లేచిపోయింది. ఎంతమందికి చూపించినా పెదవి విరిచి వెనక్కిచ్చారు. అప్పట్లో కొన్నవాళ్లను వెతికి అడిగినా ఎవరి దగ్గరా మిగల్లేదు.

అందుకే బెంగుళూరు అమ్మాయి ఆ మాట అనగానే నేను షాపు షట్టరు సగం దించేశాను. చిన్నప్పుడు తనా, వాళ్లక్కా ఈ ఆట ఆడేవాళ్లట. ఇప్పుడు తను పనిచేసే కంపెనీ ఇలాంటి పాత ఆటల్ని కొత్త కంప్యూటర్లకూ ఫోన్లకూ సరిపడేలా మళ్లీ తెస్తోందట. రెండు భాగాలూ తెచ్చి, మూడోది కూడా పూర్తి చేస్తారట. అప్పటి అసలు రికార్డింగులు ఒక పాత హార్డ్ డిస్కులో తమకు దొరికాయని కూడా చెప్పింది.

"మా అన్నయ్య గొంతు ఉందా అందులో?"

"మొత్తం ఉందండీ. మధ్యలో నవ్వుకున్నవి, తిట్టుకున్నవి కూడా."

ఒక కాపీ పంపమ్మా, నీ కాళ్లు పట్టుకుంటానన్నాను. హక్కులు తేలకుండా ఏదీ బయటికి ఇవ్వకూడదన్నారండీ అంది ఆ అమ్మాయి.

హక్కుల కథ వింటే నవ్వొస్తుంది. అప్పట్లో సీడీలు అచ్చువేసిన షాపాయన కుటుంబం యార్డులో కమీషను వ్యాపారం చేసేది. బేరం కుదిరిందనడానికి ఆయన యార్డు పద్ధతిలో అన్నయ్య చేతిమీద తువ్వాలు కప్పి, కింద వేళ్లు నొక్కాడు. ఒప్పందం అంతే. కాగితం రాసుకుందామంటే అవమానం చేసినట్టే. తర్వాత ఆయన షాపు ఎత్తేస్తూ ఉన్న సరుకంతా హైదరాబాదు కంపెనీకి ఇచ్చాడు. అది ఇంకో కంపెనీలో కలిసింది, దాన్ని ఈ బెంగుళూరు వాళ్లు కొన్నారు. చేతులు మారినకొద్దీ కాగితాలు పెరిగాయి గానీ మొట్టమొదటి కాగితమే లేదు. ఆట వాళ్లదో కాదో వాళ్లకే తెలియదు. అందుకని అసలు చేసినవాళ్లందరి దగ్గరా సంతకాలు తీసుకుంటున్నారు.

వేటపాలెం స్నేహితుడు ఇప్పుడు జీడిపప్పు యూనిట్ నడుపుతున్నాడు. ప్రోగ్రాం తనది కాబట్టి తన సంతకం వెంటనే పెట్టేశాడు. బొమ్మలకు నేను పెట్టాను. ఇక మిగిలింది గొంతు. అన్నయ్య లేడు, అమ్మ కూడా పోయింది కాబట్టి దాని హక్కు భార్యదీ బిడ్డదీ. బిడ్డకు ఇంకా మైనారిటీ తీరలేదు, కనుక రెంటికీ వదినే సంతకం పెట్టాలి.

కాగితం తీసుకుని నేనే బస్సెక్కాను. నేను వెళ్లేసరికి వదిన వసారాలో ఉంది, ఎదురుగా కౌలుదారు నిలబడి ఉన్నాడు. వదినకు తండ్రి ఇచ్చిన కాస్త పొలం ఉంది. మిరపా పత్తీ మార్చి మార్చి అతనే చేస్తాడు. ఆ ఊళ్లో కౌలంతా నోటిమాటే. ఉగాదికి వచ్చి అడగడం, ఈ ఏడూ నువ్వే చేసుకో అనడం, అంతే.

"అమ్మా, కౌలు కార్డుకి ఒక్క సంతకం పెట్టమ్మా. వాన కొట్టి పంట పోతే నాకింత ఆధారం ఉంటది. నీ పొలం నేనేడకి ఎత్తుకుపోతా?"

"నువ్వు ఎత్తుకుపోతావని కాదయ్యా. ఈ ఏడూ నువ్వే చేసుకో, ఎవరొచ్చి అడిగినా ఇవ్వను. సంతకం మాట మాత్రం ఎత్తొద్దు."

వదిన మనసు రాయి కాదు, మంచిది. కానీ వాళ్ల నాన్న ఒకప్పుడు ఎవరికో మొహమాటపడి కౌలు కాగితం మీద సంతకం చేసి, తన చేను తనదేనని చెప్పుకోవడానికి ఒంగోలు కోర్టు చుట్టూ ఏళ్ల తరబడి తిరిగాడు. ఆ ఇంట్లో పిల్లలకు అక్షరాభ్యాసం రోజునే సంతకం పెట్టకూడదని కూడా నేర్పుతారని అన్నయ్య వదినను ఏడిపించేవాడు.

కౌలుదారు వెళ్లాక నా కాగితం తీశాను. సంగతి చెబుతుంటే వదిన కళ్లు నీళ్లతో నిండిపోయాయి. పిల్ల లోపలినుంచి పరిగెత్తుకొచ్చి, "నిజంగా నాన్న మాట్లాడతాడా అత్తా?" అంది. వదిన కళ్లు తుడుచుకుని కాగితం మొదటినుంచి చదివింది. ఒకచోట వేలు ఆగింది.

"సర్వహక్కులూ శాశ్వతంగా బదలాయిస్తున్నాను అని ఉందే. ఏంటి అమ్మాయ్ ఇది?"

"ఆటలో వాడుకోవడానికి వదినా."

"ఆటలో అని రాయలేదుగా ఇక్కడ. శాశ్వతంగా అంటే ఆయన గొంతు ఇంకెప్పటికీ వాళ్లదేగా?"

వదిన చెప్పింది నిజమే, ఆటలో అని రాయలేదు. ఫోన్ చేసి ఆ ఒక్క ముక్క మార్చమన్నాను. అందరికీ ఒకటే కాగితమండీ, లాయర్లు మార్చరు అంది ఆ అమ్మాయి. అయితే ముందు గొంతు పంపమను, విన్నాక పెడతానంది వదిన. ముందు సంతకం పెడితేనే పంపుతామన్నారు వాళ్లు. యార్డులో కాయ చూపించకుండా రేటు చెప్పమంటే ఎవడు చెబుతాడని వాళ్లమీద అరిచాను. పిల్లకోసమైనా పెట్టు తల్లీ అని వదినమీదా అరిచాను.

"పిల్లకోసమే పెట్టట్లేదు" అంది వదిన. "దానికి వాళ్ల నాన్న ఇచ్చిపోయింది అదొక్కటే. దాన్ని కూడా రాసిచ్చేయమంటావా?"

నాకు ఇప్పటికీ కోపం ఉంది, అది వదినమీదో కంపెనీమీదో చేతిమీద తువ్వాలు కప్పిన ఆ షాపాయనమీదో నాకే తెలియదు. తిరుగు బస్సులో ఏడుస్తూ వచ్చాను.

ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లానో. కాయ కళ్లాల్లో ఎర్రగా ఆరుతున్నప్పుడూ వెళ్లాను, కళ్లాలు ఖాళీ అయ్యాకా వెళ్లాను. వదిన పలావు వండి పెట్టేది, చీర పెట్టేది, సంతకం మాత్రం పెట్టేది కాదు. బెంగుళూరు అమ్మాయి ఫోన్లు తగ్గాయి.

చివరికి ఆట వచ్చేసిందని ఆ అమ్మాయే చెప్పింది. హక్కు తేలలేదు కాబట్టి గొంతులన్నీ కొత్తవాళ్లతో చెప్పించారట. పాతవి ఏం చేశారమ్మా అని అడిగాను.

"లాయర్లు మొత్తం చెరిపేయించారండీ. మనవి కానివి మన దగ్గర ఉంటే చిక్కొస్తుందని. నేను వద్దని చాలా చెప్పాను మేడం." ఆ అమ్మాయి ఏడుస్తోంది. తిడదామని నోరు తెరిచిన నేను ఊరుకో తల్లీ అన్నాను.

ఈ సంగతి వదినకు ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. వదిన చిక్కుళ్లకు ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని చెప్పాను. చేతులు ఆగలేదు, ఇంకో నాలుగు కాయలు వలిచింది. అప్పుడు ఆగింది.

"సంతకం పెట్టకపోతే పోదనుకున్నా అమ్మాయ్" అంది. "చేను అట్టాగే నిలబడింది మాకు. ఇదీ అంతే అనుకున్నా."

చేను ఎక్కడికీ పోదు వదినా అందామనుకున్నాను, అనలేదు. వీపుమీద చెయ్యి వేసి కూర్చున్నాను.

పిల్ల ఆట తెరిచింది. నా బొమ్మలకు మెరుగులు దిద్ది, గోడలన్నీ తిన్నగా నిలబెట్టారు. హమాలీ మేస్త్రి నోరు విప్పాడు. ఎవరో గానీ బాగా చెప్పాడు, వంక పెట్టడానికేం లేదు. మాటలు అన్నయ్యవే, మనిషి ఎవరో. పిల్ల తల వంచుకుని శ్రద్ధగా వింది. తర్వాత అడిగింది.

"నాన్న గొంతు ఇట్టాగే ఉండేదా?"

"కాదు" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

"మరెట్టా ఉండేది?"

"బొంగురుగా ఉండేది, కాస్త లావుగా" అంది వదిన.

"బొంగురేంటి వదినా? సన్నటి గొంతు వాడిది. దూరం నుంచి పిలిస్తే ఆడపిల్ల పిలిచినట్టే ఉండేది" అన్నాను.

"నాతో మాట్లాడేటప్పుడు లావుగానే ఉండేది."

"ఆటలో మేస్త్రి కోసం లావు చేసేవాడు, అది గుర్తుండిపోయి ఉంటుంది నీకు."

"మొగుడి గొంతు నాకు తెలీదా?" అంది వదిన. అని, నా వైపు చూసి, "సన్నగా ఉండేదంటావా?" అంది.

పిల్ల వాళ్లమ్మ మొహమూ నా మొహమూ మార్చి మార్చి చూసింది. ఎవరి మాట నమ్మాలో దానికి తెలియలేదు. మాకూ తెలియలేదు.