నిచ్చెన పట్టుకునే అత్త

కోడుమూరు దగ్గర మా ఊళ్ళో ఏటా క్రిస్మస్‌కు ముందు చర్చికి మామ సున్నం కొడతాడు. అత్త కింద నిచ్చెన పట్టుకుంటుంది. ఒక్కసారి ఆమె నీళ్ళకు పోయినప్పుడే మామ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచీ ఎవరు నిచ్చెన ఎక్కినా ఆమె చేతులు ఊరుకోవు.

ఢిల్లీ చూస్తానంటే, నా ఇంటర్వ్యూకు పోతూ అత్తనూ తీసుకుపోయాను. తిరుగు ప్రయాణం రోజు ఒక వీధి మలుపులో నేను నోరు తెరిచి నిలబడిపోయాను. మూడంతస్తుల గోడ నిండా రెక్కలు విప్పిన కొంగ! ఒక్కో ఈక మా ఇంటి తలుపంత ఉంది. పైన దాని ముక్కు దగ్గర, ఇనుప పైపుల పరంజా మీద నిలబడి ఒకమ్మాయి ఇంకా రంగు వేస్తోంది.

నేను ఫోన్ తీసేలోగా అత్త పోయి పరంజా కాలు రెండు చేతులా పట్టుకునింది.

"అది ఇనుముదత్తా, కదలదు. రైలుకు టైమయితాంది."

"ఆ పాప దిగనీ."

గంటసేపు తల పైకెత్తి అట్లే నిలబడింది. ఆ అమ్మాయి దిగి, రంగు చేతులతో నమస్కారం పెట్టినాకే వదిలింది.

రైల్లో ఫోటో చూపించి, "ఆ కొంగ ఎంత బాగుండాదో కదత్తా" అన్నాను.

అత్త ఫోన్ లాక్కుని కళ్ళు పెద్దవి చేసింది.

"కొంగనా? నేను యాడ చూసినప్పా! ఆ పాప కాళ్ళే చూస్తాంటి."