రెండు గుడ్ ఫ్రైడేల గడువు

ఎస్తేర్‌రాణి దగ్గర తేదీలుండవు, పండుగలే ఉంటాయి. కూతురు ఏంజెల్ పుట్టింది క్రిస్మస్ వెళ్ళిన మూడో ఆదివారం. ఇంటికి కరెంటు వచ్చింది ఈస్టరు ముందు. రొయ్యల ఫ్యాక్టరీలో ఐసు పొడి చేసే మెషిను ఆమె కుడిచేతి బొటనవేలూ పక్క రెండు వేళ్ళూ తీసుకుపోయింది గుడ్ ఫ్రైడే ముందురోజు. ఆ సంవత్సరం 2005.

"చూద్దాం, చూద్దాం" అంటూ ఓనరు ఏడాదిన్నర తిప్పాడు. నష్టపరిహారానికి దెబ్బ తగిలిన రోజు నుంచి రెండేళ్ళలోపు అర్జీ పెట్టాలని నాకో వకీలు చెప్పాడు. ఫరంపేట చర్చిలో సండే స్కూలు టీచర్ని కదా, అన్నీ తెలుసన్న పొగరు నాది. "ఈసారి గుడ్ ఫ్రైడే దాకా టైముంది రాణీ, దానికి ముందొచ్చే మట్టలాదివారం అయ్యాక వెళ్దాం" అన్నాను. నేను చెబితే ఆమెకు బైబిలు వాక్యమే.

మట్టలాదివారం మర్నాడు, సోమవారం పొద్దున లేబర్ ఆఫీసుకు వెళ్ళాం. గుమస్తా పాపారావు ఆసుపత్రి చీటీ చూశాడు.

"దెబ్బ తగిలింది మార్చి ఇరవై నాలుగునమ్మా. ఇవాళ ఏప్రిల్ రెండు. గడువు దాటి తొమ్మిది రోజులైంది."

"అదెలాగండి? గుడ్ ఫ్రైడే ఈ శుక్రవారం కదండి, ఇంకా రాలేదు" అంది రాణి.

"పండుగ ఏటేటా మారుద్దమ్మా. తేదీ మారదు."

"యేసయ్య పోయిన ముందురోజే నా వేళ్ళు పోయాయండి. ఆయనకి రెండేళ్ళు అవకుండా నాకెలా అయిపోతాయండి?"

రాణి నా వైపు చూసింది. గుడ్ ఫ్రైడే ఏ ఏడు ఎప్పుడో పిల్లలకు ఏటా బోర్డు మీద రాసేదాన్ని నేనే. నా బుర్ర ఏమైపోయిందో నాకే అర్థం కాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆలస్యానికి సరైన కారణం రాస్తే పైఅధికారి ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు అన్నాడు పాపారావు. "టీచరు తప్పుడు లెక్క నమ్మడం వల్ల" అని రాసి వినిపించాను.

"మీ మాట ఎందుకండి, కొట్టేయండి."

"నిజం అదే రాణీ."

"మరి నమ్మడం కారణం అవుద్దాండి?" అని ఆమె గుమస్తాను అడిగింది.

"ఏమోనమ్మా, నాకూ తెలీదు" అంటూ అతను ఇంకు డబ్బా ముందుకు జరిపాడు. రోజూ అనే మాటే అలవాటుగా అనేశాడు. "కుడి బొటనవేలు వెయ్యమ్మా."

రాణి ఒకసారి చేతికేసి, ఒకసారి అతనికేసి అయోమయంగా చూసింది.

"అది లేకే కదండి ఇక్కడికొచ్చాను."