ఎవరికి చెప్పాలి

మా క్యాంప్ బాస్ గారు పోయారు. రెండు వేల పంతొమ్మిది వేసవిలో, ఉదయం ఐదింటికి, షార్జా శివారు సజ్జాలో మా కూలీల క్యాంపు గేటు దగ్గర బస్సులెక్కే మనుషుల్ని లెక్కపెడుతూ కూలబడిపోయారట. మూడో బస్సు దాకా లెక్క రాసి ఉంది. నాలుగో బస్సు డ్రైవర్ పెషావర్ మనిషి. అతనే నాకు ఫోన్ చేసి "క్యాంప్ బాస్ ఖలాస్" అన్నాడు. అంతకంటే మెత్తగా చెప్పడం అతనికి రాదు. నేను ఆ క్యాంపు ఆఫీసులో క్లర్కుని, షార్జా ఊళ్ళో గది తీసుకుని ఉంటాను. నేను వెళ్ళేసరికి అంబులెన్సు వెళ్ళిపోయింది. నాలుగో బస్సు మాత్రం గేటు లోపలే నిలబడి ఉంది. మనుషుల లెక్క కాకుండా బండి తియ్యనని డ్రైవర్ భీష్మించుకుని కూర్చున్నాడు. ఆయన నేర్పిన అలవాటే అది. ఆ మిగిలిన లెక్క నేను రాశాను.

క్యాంప్ బాస్ అంటే మా ఊళ్ళల్లో పెద్ద హోదా అనుకుంటారు. ఎవరికి ఏ మంచం, ఏ గదిలో ఏసీ చెడింది, వంట వంతు ఎవరు ఎగ్గొట్టారు, నీళ్ళ ట్యాంకరు ఎందుకు రాలేదు, ఇవన్నీ చూసుకుంటూ పైనున్న ముదీర్, అంటే మేనేజరు చేత, కింద ఉన్న కూలీల చేత తిట్లు తినడమే ఆ ఉద్యోగం. ఆయనది శ్రీకాకుళం జిల్లా, నాది జగిత్యాల దగ్గర పల్లె. నేను చేరిన వారంలోనే ఆయనకు నా మీద చిరాకు వచ్చింది. జాబితాలో నాలుగు వందల పన్నెండు మంది ఉంటే నేను పదమూడు టైపు చేశాను. ఒక్కడే కదా సార్ అని నవ్వాను. ఆ సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

కంపెనీ కంప్యూటర్లో అన్నీ ఉన్నా ఆయనకు సొంత రిజిస్టరు ఒకటి ఉండేది. ఆకుపచ్చ అట్ట, పొడుగాటిది. పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా. చివర ఆయనే స్కేలుతో గీసుకున్న గడి: ‘ఎవరికి చెప్పాలి’. కొత్తవాడు పెట్టె దించి మంచం చూసుకోగానే పిలిచి, నీకేమైనా అయితే ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలని అడిగేవారు. పెళ్ళాం పేరో తల్లి పేరో చెబితే రాసుకునేవారు కాదు. ఇంటి పక్కన ఉండే గుండె దిటవున్న మనిషి కావాలనేవారు.

వచ్చిన పూటే ఈ చావు మాటలేమిటని మా నిజామాబాద్ మేస్త్రి ఒకడు ఇంతెత్తున లేచాడు, నన్ను రేపే పంపెయ్యండి అని గొడవ చేశాడు. ఈయన పెన్ను మూత పెట్టేసి ఊరుకున్నారు. మూడో రోజు మేస్త్రే వచ్చి పక్కింటి కిరాణా కొట్టు పెద్దమ్మ నంబరు ఇచ్చాడు. రెండేళ్ళకు అతను పరంజా మీద నుంచి పడ్డాడు. అప్పుడు అతని భార్యకు నెలలు నిండుతున్నాయి. ఫోన్ పెద్దమ్మకు వెళ్ళింది. ఆవిడ రెండు రోజులు ఆ ఇంట్లోనే ఉండి, అతను గండం గట్టెక్కాడని తెలిశాక మెల్లగా చెప్పింది. ఇప్పుడా మేస్త్రి ఊళ్ళో కొడుకుని బడికి దింపుతూ ఫోటోలు పంపుతుంటాడు.

ఈ పట్టు ఎక్కడిదని ఒక శుక్రవారం అడిగాను. శుక్రవారాలు ఆయన బట్టలు ఇస్త్రీ చేసుకునేవారు, ఆ పని చేసేటప్పుడే నాలుగు మాటలు వచ్చేవి. వాళ్ళ తాత సిపాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్ పడిపోయినప్పుడు జపాన్ వాళ్ళకు ఖైదీగా చిక్కాడు. అంతకుముందు ఇంటికొక ఉత్తరం రాశాడు, కొడుకు అన్నప్రాసనకు సెలవు అడిగానని. ఆ కొడుకే ఈయన తండ్రి. తర్వాత ఉత్తరం లేదు, మనిషి లేడు. జపాన్ వాళ్ళు ఖైదీల్ని ఓడల్లో ఎక్కించి బరువులు మోయడానికి ఏవో దీవులకు తీసుకుపోయారని, బతికి వచ్చినవాళ్ళు చెప్పారంతే.

మామ్మ అడిగినప్పుడల్లా ఆవిడ మామగారు ఒకటే మాట చెప్పేవాడట, సెలవు దొరకలేదని. యుద్ధం అయిపోయింది, తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు, మామగారు పోయాడు. ఆ కొడుకు పెద్దవాడై, పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, అతనూ పోయాడు. మామ్మ బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. తొంభై దగ్గర పడ్డా పేరంటానికి పిలిస్తే వెళ్ళేది. పోయాడని ఎవరూ చెప్పనప్పుడు ఆవిడ మాత్రం ఎందుకు తియ్యాలి? ఈయన సెలవు మీద వెళ్ళినప్పుడల్లా బర్ దుబాయ్‌లో కొని డజను ఎర్ర గాజులు పట్టుకెళ్ళేవారు. ఏటేటా ఆవిడ చెయ్యి చిక్కిపోయి, సైజు తగ్గుతూ వచ్చిందని చెప్పారు.

ఆయన బాధ వేరే. తాతకు తద్దినం పెట్టాలంటే తిథి తెలియాలి. తిథి తెలియనివాళ్ళకు మహాలయ అమావాస్య ఉందిగా అంటే, అసలు పోయాడో లేదో రూఢి కాకుండా ఏ నోటితో మంత్రం చెప్పించను అనేవారు. "డెబ్బై ఏళ్ళయింది తమ్ముడూ, ఆ మనిషికి ఒక్క ముద్ద పెట్టినోడు లేడు" అన్నారు. అప్పుడు ఇస్త్రీ పెట్టె చొక్కా కాలర్ మీదే ఉంది. కాలిన వాసన వస్తే నేనే తీశాను.

యుద్ధంలో పోయిన సిపాయిల పట్టికలు ఇంటర్నెట్‌లో ఉన్నాయని చెప్పింది నేనే, ఇరుక్కుపోయిందీ నేనే. దాదాపు నాలుగేళ్ళు నా శుక్రవారాలన్నీ అందులోనే కలిసిపోయాయి. తాత పేరు ఆ ప్రాంతంలో ఇంటికొకరికి ఉండే పేరు. జాబితాలో పేరు, జిల్లా మాత్రమే కనబడతాయి, మిగతా వివరాలు ఒక్కొక్కటీ విడిగా తెరవాలి. శ్రీకాకుళం జిల్లా అని ఒక్కటీ తగల్లేదు. గంజాం అంటే దాటేశాం, విశాఖపట్నం అంటే దాటేశాం. మిలటరీ రికార్డుల ఆఫీసుకు రాస్తే, శ్రీకాకుళం జిల్లావాడు ఆ పేరుతో లేడని జవాబు వచ్చింది. ఆయన ఆశ్చర్యపోలేదు. మా జిల్లా అంటే అప్పుడూ ఇప్పుడూ ఎవడికీ లెక్కలేదని కసురుకున్నారు. నాకూ అదే నిజమనిపించింది.

తర్వాత తెలంగాణలో కొత్త జిల్లాలు వచ్చాయి. ఆ శుక్రవారం మా తెలంగాణ కుర్రాళ్ళంతా ఆఫీసు గది ముందు వరస కట్టారు. "సార్, కరీంనగర్ కొట్టేసి జగిత్యాల రాయుండ్రి" అని ఒకడు, సిరిసిల్ల రాయమని ఒకడు, నిర్మల్ అని ఇంకొకడు. మీ ఊళ్ళు ఉన్నచోటే ఉన్నాయి కదర్రా అని గొణుక్కుంటూ ఆయన స్కేలు పెట్టి ఎర్ర సిరాతో పాత జిల్లా కొట్టేసి పైన కొత్తది రాస్తున్నారు. ఇరవయ్యో పేరు దగ్గరనుకుంటా, పెన్ను ఆగిపోయింది. వరసలో ఉన్నవాళ్ళు అలాగే నిలబడి ఉన్నారు.

"తమ్ముడూ, మా శ్రీకాకుళం జిల్లా ఎప్పుడు పుట్టింది?" అన్నారు.

కంప్యూటర్లో చూశాను. స్వాతంత్ర్యం వచ్చాక. యుద్ధం నాటికి ఆయన ఊరు విశాఖపట్నం జిల్లాలో ఉంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నాలుగేళ్ళపాటు లేని జిల్లాలో మనిషిని వెతికాం. దాటేసిన విశాఖపట్నం పేర్లు మళ్ళీ తెరవడం మొదలుపెడితే మూడోదే తాత. తండ్రి పేరు సరిపోయింది, ఊరు సరిపోయింది. భార్య అని ఉన్నచోట మామ్మ పేరు. ఆ పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా చూడలేదని, తెర మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నారు. న్యూ గినియా దగ్గర ఒక దీవిలో పోయాడు. సమాధి లేదు, స్మారకం గోడ మీద పేరు ఉంది. పోయిన తేదీ ఉంది. ప్రింటు తీసి ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి రిజిస్టర్లో దాచుకుని, నీళ్ళ ట్యాంకరు వచ్చిందేమో చూసొస్తానని బయటకు వెళ్ళారు. ఆ రోజు ట్యాంకరు వచ్చే రోజు కాదు.

ఆ ఏడు సెలవుకు ఆ కాగితంతోనే వెళ్ళారు. భార్యాపిల్లలు ఉండేది విశాఖలో. అక్కడే పురోహితుడి చేత తిథి కట్టించి తాతకు మొదటి తద్దినం పెట్టారు. తర్వాత పలాస దగ్గర పల్లెకు, తన మేనల్లుడి ఇంట్లో ఉన్న మామ్మ దగ్గరకు వెళ్ళారు. తిరిగొచ్చాక, చెప్పారా సార్ అని అడిగాను.

"చెప్దామనే కూర్చున్నాను. గాజులు తెచ్చావా అంది. తీసి తొడిగాను. ఇంకేటి చెప్తాను?" అన్నారు.

నాకు సబబుగా తోచలేదు. మొగుడు పోయిన సంగతి తెలుసుకునే హక్కు ఆవిడకు లేదా అని గట్టిగానే వాదించాను. ఈ వయసులో నలుగురు కూర్చోబెట్టి ఆ గాజులు పగలగొడితే నువ్వొచ్చి చూస్తావా అనలేదాయన. చొక్కా మడత పెట్టుకుంటూ, "మా ముత్తాతకి అప్పుడే కాగితం వచ్చే ఉంటాది. దాచీసుంటాడు. ఇన్నేళ్ళూ ఆయన్ని తిట్టుకున్నాను తమ్ముడూ" అన్నారు. ఆ విషయం మళ్ళీ మా మధ్య రాలేదు.

ఆయన పోయిన రోజు, ఇంటికి కబురు చెయ్యమని హెడ్డాఫీసు నన్నే పురమాయించింది. కంప్యూటర్లో భార్య నంబరు ఉంది. నొక్కబోయి ఆగాను. రిజిస్టర్లో ఆయన పేరు కూడా ఉండొచ్చని అప్పటిదాకా నాకు తట్టలేదు. మొదటి పేజీ, మొదటి వరస. ఎవరికి చెప్పాలి అన్న గడిలో మేనల్లుడి పేరు, నంబరు. దాని కింద ఎర్ర సిరాతో చిన్న అక్షరాలు: ‘మామ్మకి సెలవు దొరకలేదని చెప్పాలి.’

మేనల్లుడికే చెప్పాను. అతను విశాఖ వెళ్ళి, ఆయన భార్య పక్కన కూర్చుని చెప్పాడు. కాగితాలన్నీ అయి శవపేటిక ఆరో రోజున విశాఖ చేరింది, అక్కడే దహనం చేశారు. పల్లెలో మామ్మకు తెలియనివ్వలేదు. ఆయన బీరువా సర్దుతుంటే న్యూస్ పేపర్లో చుట్టిన గాజులు దొరికాయి. చిన్నపిల్లల సైజు. పలాస కుర్రాడొకడు సెలవు మీద వెళ్తుంటే ఇచ్చి పంపాను. సెలవు నుంచి ఆయన వెనక్కి తెచ్చిన ఆ మడత కాగితం ఇంకా రిజిస్టర్లోనే ఉంది. ఆ తిథికి ఇక ఎవరు పెడతారో విశాఖలో ఉన్న ఆయన కొడుకుని అడగాలి. నాకింకా నోరు రాలేదు. మామ్మకు చదువు రాదు కాబట్టి ఇదంతా రాయగలుగుతున్నాను. ఒకప్పుడు హక్కుల గురించి వాదించినవాణ్ణి, ఇప్పుడు నేనూ దాచేవాళ్ళలో చేరాను. ఆయన లేని లోటు గేటు దగ్గర రోజూ తెలుస్తుంది. లెక్క ఇప్పుడు నేనే రాస్తున్నాను.

పోయిన శుక్రవారం మేనల్లుడు ఫోన్ చేసి, మామ్మ మాట్లాడతానంటోందని ఇచ్చాడు. మనవడికి సెలవు దొరికిందా అని అడిగింది. ఇంకా దొరకలేదమ్మా అన్నాను.

"ఈ ఇంట్లో సెలవు దొరకనోలు ఇద్దరైపోనారు బాబూ" అంది.

ఫోన్ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నట్టుంది, కొత్త గాజులు గలగలమన్నాయి.